ఎత్తైన ప్రసార టవర్లను చదవడం ఎలా: దూరపు ఎర్ర దీపం నుంచి కంచె దాకా

చిన్నప్పుడు రాత్రి ప్రయాణాల్లో కిటికీ పక్క సీటు దొరికితే నాకు నిద్ర పట్టేది కాదు. దూరంగా చీకట్లో, నేలకూ ఆకాశానికీ మధ్య, ఒకదానిపై ఒకటి పేర్చినట్టు ఎర్రటి దీపాలు కనిపించేవి. పైదీ మధ్యదీ వెలిగి ఆరుతుండేవి, మిగతావి నిలకడగా ఉండేవి, వాటిని మోస్తున్న వస్తువు మాత్రం అస్సలు కనిపించేది కాదు. అదేంటో, ఎంత ఎత్తుందో, అంత పైన ఏం జరుగుతోందో తెలుసుకోవాలన్న ఆరాటం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైన విషయం ఒకటుంది. రేడియో, టీవీ టవర్ మీద అందం కోసం పెట్టింది దాదాపు ఏదీ ఉండదు. ప్రతి రంగు పట్టీకీ, ప్రతి తీగకీ, ప్రతి పింగాణీ ముక్కకీ ఒక కారణం ఉంటుంది. ఆ కారణాలు తెలిస్తే కంచె బయట నిలబడే దాని ఎత్తెంతో, అది ఏం పని చేస్తోందో చాలావరకు చెప్పేయొచ్చు. లోపలికి వెళ్లక్కర్లేదు, ఎక్కక్కర్లేదు. బైనాక్యులర్స్, స్కూలు పిల్లల కోణమానిని, చిన్న ట్రాన్సిస్టర్ రేడియో, నోట్‌బుక్ ఉంటే చాలు. నేను చేసే పద్ధతి మొత్తం కింద వరసగా రాస్తున్నాను.

1. ముందు అది మాస్టా, టవరా తేల్చుకోండి

మాటల్లో మనం అన్నిటినీ టవర్ అనే అంటాం, అందులో తప్పేం లేదు. ఈ రంగంలో ఉన్నవాళ్లు మాత్రం రెండుగా విడదీస్తారు. తన కాళ్ల మీద తాను నిలబడేది టవర్. పైనుంచి కింద దాకా దాదాపు ఒకే లావులో సన్నగా ఉండి, చుట్టూ లాగి కట్టిన ఉక్కు తీగల బలంతో నిలబడేది మాస్ట్. కరెంటు స్తంభం పక్కకు ఒరగకుండా స్టే వైరు వేస్తారు కదా, ఇక్కడ అదే పని వందల మీటర్ల పొడవున్న గై వైర్లు చేస్తాయి. ఎక్కువ మాస్ట్‌లకు మూడు దిక్కులకు, ఒక్కో దిక్కుకు మధ్య 120 డిగ్రీల చొప్పున, ఈ తీగలు దిగుతాయి. ఎన్ని అంచెల్లో దిగుతున్నాయో లెక్కపెట్టి రాసుకోండి, ఎందుకంటే ఎత్తు పెరిగేకొద్దీ అంచెలు కూడా పెరుగుతాయి.

ప్రసారాల కోసం కట్టిన వాటిలో అతి ఎత్తైనవి ఎక్కువగా మాస్ట్‌లే. అదే ఎత్తును కాళ్ల మీద నిలబెట్టాలంటే చాలా ఎక్కువ ఉక్కు కావాలి, మాస్ట్‌కి బదులుగా కావాల్సింది చుట్టూ బోలెడంత ఖాళీ నేల. అమెరికాలో నార్త్ డకోటాలోని బ్లాంచర్డ్ దగ్గర 1963లో లేపిన టీవీ మాస్ట్ ఎత్తు 628 మీటర్లు (ఈ మధ్య పైనున్న యాంటెన్నా తీసేశాక కొంత తగ్గింది). పోలండ్‌లో కాన్‌స్టాంటినూఫ్ దగ్గర 1974లో పూర్తయిన లాంగ్‌వేవ్ (చాలా పొడవైన తరంగాల) రేడియో మాస్ట్ 646 మీటర్లు ఉండేది. అది 1991 ఆగస్టు 8న గై వైర్లు మారుస్తుండగా కూలిపోయింది, ఆ ఎత్తును మళ్లీ దాటడానికి 2008లో బుర్జ్ ఖలీఫా రావాల్సి వచ్చింది. మాస్ట్‌కి తీగ అంటే ఏమిటో ఆ ఒక్క సంఘటన చెబుతుంది.

టవర్ల లోకం వేరు. 1889 నాటి ఐఫిల్ టవర్‌కి మొదట ఇచ్చిన అనుమతి 20 ఏళ్లే, రేడియో టెలిగ్రఫీకి పనికొస్తుందని తేలడం వల్లే అది విప్పేయకుండా మిగిలింది. మాస్కోలో 1922లో నిలబడ్డ షుఖోవ్ టవర్ 160 మీటర్ల ఇనుప అల్లిక. వంపుగా కనిపిస్తుంది గానీ దాన్ని వంపులేని తిన్నటి కమ్మీలను ఏటవాలుగా పేర్చే అల్లారు. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో 1956లో ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ అనే ఇంజనీరు మామూలు ఇనుప మాస్ట్ బదులు కాంక్రీట్ కాండం లేపి, పైన జనం ఎక్కి చూసే గదులు పెట్టాడు. బెర్లిన్, మాస్కో, టొరంటోల్లో తర్వాత వచ్చినవన్నీ ఆ దారిలో నడిచినవే. మాస్కోలోని 540 మీటర్ల ఒస్టాంకినో టవర్‌కి నికితిన్ అనే ఇంజనీరు బోర్లించిన లిల్లీ పువ్వు ఆకారం తీసుకున్నాడు, దాని పునాది లోతు ఐదు మీటర్లు కూడా లేదు. ఇక నా మనసుకి అన్నిటికంటే దగ్గరైనది పోలండ్‌లోని గ్లివిట్సే రేడియో టవర్. 1935లో మొత్తం చెక్కతో కట్టారు, 111 మీటర్లు, బిగించిన బోల్టులు ఇత్తడివి, ఇప్పటికీ నిలబడే ఉంది.

మీరు చూస్తున్నది ఏ రకమో తేల్చుకున్నాక ఇంకో ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ఇంత ఎత్తు ఎందుకు? టీవీ, ఎఫ్ఎం తరంగాలు దాదాపు కంటిచూపులాగే సాగుతాయి, నేల వంపు అడ్డొస్తే అక్కడితో బలహీనపడిపోతాయి. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో హెచ్చిస్తే కంటికి కనిపించే దూరం కిలోమీటర్లలో వస్తుంది. గాలి పొరలు రేడియో తరంగాలను కాస్త కిందికి వంచుతాయి కాబట్టి వాటికి 4.12తో హెచ్చించాలి. 300 మీటర్ల మాస్ట్ అయితే చూపుకి దాదాపు 62 కిలోమీటర్లు, రేడియోకి 71. అందుకే అతి పొడవైన మాస్ట్‌లు చదును నేలల్లో ఉంటాయి, కొండలున్న చోట పొట్టి టవర్లే సరిపోతాయి. లాస్ ఏంజెలిస్‌కి ప్రసారాలు ఎక్కువగా పక్కనున్న మౌంట్ విల్సన్ మీదున్న టవర్ల నుంచే వస్తాయి, అక్కడ కొండే సగం పని చేస్తుంది. ఊరు ఎదిగితే లెక్క మళ్లీ మారుతుంది. టోక్యోలో 1958 నాటి 333 మీటర్ల టవర్ చుట్టూ ఆకాశహర్మ్యాలు లేచాక డిజిటల్ టీవీ కోసం 634 మీటర్ల స్కైట్రీ కట్టాల్సి వచ్చింది, 2012లో తెరిచారు.

2. బయల్దేరే ముందు మ్యాప్ మీద వెతకండి

చాలామంది ఈ పని వదిలేసి నేరుగా బండి తీస్తారు, తర్వాత మూడు గంటలు దారులు వెతుక్కుంటారు. ఉపగ్రహ చిత్రాల్లో మాస్ట్ సన్నని గీతలా కూడా కనిపించకపోవచ్చు, కాబట్టి మాస్ట్ కోసం వెతక్కండి, దాని నీడ కోసం, గై వైర్లు నేలకి దిగే చోట్ల కోసం వెతకండి. ఖాళీ పొలం మధ్యలో ఒక చిన్న షెడ్డు, చుట్టూ మూడు దిక్కులకు సమాన దూరంలో చిన్న కంచె వేసిన చదరాలు, వాటి దాకా వెళ్లే కాలిబాటలు కనిపిస్తే దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా చాలా టవర్లు, మాస్ట్‌లు గుర్తించి ఉంటాయి.

ఎక్కువమందికి తెలియని మంచి వనరు విమానయాన సమాచారం. ఏరోనాటికల్ ఇన్ఫర్మేషన్ పబ్లికేషన్ అనేది దేశాలు పైలట్ల కోసం ప్రచురించే పెద్ద పుస్తకం. అందులో దారిలో అడ్డొచ్చే ఎత్తైన నిర్మాణాల పట్టిక ఉంటుంది, దాంట్లో అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, దీపాల వివరం దొరుకుతాయి. అమెరికాలో అయితే ఎఫ్‌సీసీ (అక్కడి ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) దగ్గర నమోదైన ప్రతి నిర్మాణానికీ ఏడు అంకెల నంబరు ఉంటుంది, కంచె మీద బోర్డులో అది కనిపిస్తుంది, దాంతో వెతికితే వివరాలన్నీ వస్తాయి. ఈ పట్టికల్లో ఒక్క విషయం జాగ్రత్తగా చూడండి: ఎత్తు నేల నుంచి ఇచ్చారా, సముద్ర మట్టం నుంచి ఇచ్చారా. ఈ రెంటినీ కలిపేసి 200 మీటర్ల టవర్‌ని 600 మీటర్లని రాసేసిన జాబితాలు చాలా చూశాను.

3. మొదటి చూపు దూరం నుంచే ఉండాలి

నేరుగా అడుగుకి వెళ్లిపోతే మెడ నొప్పి తప్ప ఏమీ మిగలదు, ఎందుకంటే కింద నుంచి చూస్తే పైనున్న యాంటెన్నాలన్నీ ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. ఎత్తుకి రెండు మూడు రెట్ల దూరంలో ఆగండి. వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వెళ్తే గాలిలో దుమ్ము ఉండదు, అప్పుడు బైనాక్యులర్స్‌లో ఒక్కో కమ్మీ విడిగా కనిపిస్తుంది. ఎండ ముదిరాక నేల వేడికి గాలి అలలు అలలుగా కదులుతుంది, అప్పుడు ఎంత మంచి కటకమైనా పనికిరాదు. సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా చోటు ఎంచుకోండి. రాత్రి కూడా ఒకసారి తప్పకుండా వెళ్లండి, దీపాల సంగతి పగలు తెలియదు.

4. రంగు పట్టీలు లెక్కపెట్టండి

ఈ చిన్న కిటుకు తెలిసిన రోజు నేను నిజంగా గెంతినంత పని చేశాను. నారింజ, తెలుపు పట్టీలు విమానాలకు పగలు కనిపించడం కోసం వేస్తారని అందరికీ తెలుసు. కానీ ఆ పట్టీల సంఖ్యకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం ఉంది. 210 మీటర్ల దాకా ఎత్తును ఏడు సమాన పట్టీలుగా చేయాలి. ఆ పైన ప్రతి 60 మీటర్లకూ రెండు పట్టీలు పెరుగుతాయి: 270 దాకా 9, 330 దాకా 11, 390 దాకా 13, అలా. రెండు కొసలూ ముదురు రంగువే ఉండాలి, అందుకే సంఖ్య ఎప్పుడూ బేసి. అంటే ఏ కొలతా లేకుండా, 11 పట్టీలు కనిపిస్తే అది దాదాపు 270కీ 330కీ మధ్యలో ఉందని ఊహించొచ్చు.

ఇంకో మెట్టు ముందుకెళ్లొచ్చు. పట్టీలన్నీ సమానం కాబట్టి ఒక్క పట్టీ ఎత్తు ఎలాగైనా దొరికితే, దాన్ని సంఖ్యతో హెచ్చిస్తే మొత్తం వచ్చేస్తుంది. కింది పట్టీ చెట్ల వెనక దాగి ఉంటుంది, అందుకని ముదురు రంగు కిందికొసన నిజంగా ఉందో లేదో చూడకుండా లెక్క ముగించకండి. కొన్నిచోట్ల పట్టీలు అసలు ఉండవు. పగలు కూడా మెరిసే తెల్లటి ఫ్లాష్ దీపాలు పెట్టుకుంటే రంగు అవసరం లేదని నియమాలు ఒప్పుకుంటాయి. అవి రాత్రిళ్లు కాంతి తగ్గించుకుంటాయి, లేదా ఎరుపుకి మారతాయి. ఎన్ని అంచెల్లో దీపాలున్నాయి, ఏవి మెరుస్తున్నాయి, ఏవి నిలకడగా వెలుగుతున్నాయి, నిమిషానికి ఎన్నిసార్లు, ఇవన్నీ రాసుకోండి. ఆరిపోయిన దీపం కనిపిస్తే అది కూడా రాయండి. వీలైతే ఆ టవర్ నడిపేవాళ్లకు చెప్పండి, పైలట్లకు అది చిన్న విషయం కాదు.

5. ఎత్తు కొలవడం

నాకు ఈ హాబీలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

నీడతో కొలిచే పద్ధతి అందరికీ గుర్తొస్తుంది: ఒక మీటరు కర్ర నిలబెట్టి దాని నీడా, టవర్ నీడా ఒకే సమయంలో కొలిచి నిష్పత్తి తీయడం. లావుపాటి కాంక్రీట్ టవర్‌కి ఇది బాగానే పనిచేస్తుంది. మాస్ట్‌కి మాత్రం పనిచేయదు, నేను ఒక రోజంతా ప్రయత్నించాక గానీ కారణం అర్థం కాలేదు. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న పళ్లెం. దాంతో వస్తువు నుంచి దూరం పెరిగేకొద్దీ నీడ అంచు చెదిరిపోతుంది, 300 మీటర్ల దూరంలో ఆ చెదురు రెండున్నర మీటర్లు దాటుతుంది. మాస్ట్ వెడల్పే అంతకంటే తక్కువ. కాబట్టి దాని కొన నీడ నేల మీద అసలు ఏర్పడదు, వెతికినా దొరకదు.

కోణంతో కొలవడమే సరైన దారి. కోణమానిని చదును అంచుకు ఒక స్ట్రా అంటించండి, మధ్య బిందువు నుంచి ఒక దారం వేలాడదీసి దాని కొసకు ఒక నట్టు కట్టండి. స్ట్రాలోంచి టవర్ కొన చూస్తూ, దారం కోణమానిని మీద ఎక్కడ ఆగిందో పక్కనున్నవాళ్లను చదవమనండి. 90కీ ఆ అంకెకూ ఉన్న తేడానే మీకు కావాల్సిన కోణం. ఫోన్‌లో వాలు కొలిచే యాప్‌లు కూడా ఉన్నాయి, అవీ పనికొస్తాయి.

ఇప్పుడు కోణం కొలిచి లెక్క వేయకండి. తిరగేసి చేయండి: కోణం సరిగ్గా 45 డిగ్రీలు వచ్చే చోటు దాకా నడవండి. అక్కడ మీకూ టవర్ అడుగుకూ ఉన్న దూరమే, మీ కంటి ఎత్తు నుంచి పైకి టవర్ ఎత్తు. దూరాన్ని మ్యాప్‌లో కొలుచుకోవచ్చు. చివర్లో కంటి ఎత్తు, ఒకటిన్నర మీటరో ఎంతో, కలపడం మర్చిపోకండి.

అడుగు ఎక్కడుందో కనిపించకపోతే, మ్యాప్ మీద నమ్మకం లేకపోతే, ఇంకో అందమైన దారి ఉంది. 45 డిగ్రీల చోట ఒక గుర్తు పెట్టి, టవర్‌కి వీపు చేసి అదే గీతలో దూరంగా నడుస్తూ, కోణం 26.5 డిగ్రీలకు తగ్గిన చోట ఇంకో గుర్తు పెట్టండి. రెండో చోటు నుంచి టవర్ దూరం ఎత్తుకి రెండింతలు, మొదటి చోటు నుంచి ఒక్కింత. అంటే రెండు గుర్తుల మధ్య దూరమే ఎత్తు. త్రికోణమితి పట్టిక అక్కర్లేదు, కంచె దగ్గరికి కూడా వెళ్లక్కర్లేదు, చదునుగా పొడవైన దారి ఒకటి దొరికితే చాలు.

తప్పులు ఎక్కడ వస్తాయో కూడా తెలుసుకోవాలి. 45 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తేడా వస్తే ఎత్తులో మూడున్నర శాతం తేడా వస్తుంది, 200 మీటర్లకి అది 7 మీటర్లు. అందుకే ఒక్కో చోట కనీసం ఐదుసార్లు కొలిచి, మరీ ఎక్కువా మరీ తక్కువా తీసేసి, మిగిలినవాటి సగటు తీసుకోండి. గాలి వీస్తుంటే దారం ఊగుతుంది, ఆ రోజు కొలవకండి. నేల వాలు ఇంకా పెద్ద సమస్య. నేను కొలిచిన మొదటి మాస్ట్‌కి అధికారిక లెక్క కంటే 14 మీటర్లు ఎక్కువ వచ్చింది, మూడుసార్లు వెళ్లినా అంతే. చివరికి ఎత్తు గీతలున్న మ్యాప్ తెరిచి చూస్తే దాని పునాది నేను నిలబడ్డ చోటు కంటే పైన ఉంది, కంటితో చూస్తే మాత్రం ఆ పొలమంతా చదునుగానే కనిపించింది. అప్పటి నుంచి రెండు చోట్ల నేల ఎత్తు చూసుకోకుండా ఏ అంకే నోట్‌బుక్‌లో ఎక్కించలేదు.

6. యాంటెన్నాలను పైనుంచి కిందికి చదవండి

టవర్ మీద అందరికంటే పై చోటు కోసం పోటీ ఉంటుంది, అది ఎక్కువగా టీవీకే దక్కుతుంది. కొసన తెల్లటి గుండ్రని స్తంభంలా కనిపించేది ఫైబర్‌గ్లాస్ తొడుగు, లోపల యూహెచ్ఎఫ్ టీవీ యాంటెన్నా ఉంటుంది. తొడుగు లేకపోతే నాలుగు వైపులా, లేదా మూడు వైపులా, చదును పెట్టెల్లాంటి ప్యానెళ్లు వరసలుగా కనిపిస్తాయి. గబ్బిలం రెక్కల్లాంటి చట్రాలు అడ్డంగా నిలువుగా ఒకదానిపై ఒకటి ఉంటే అది పాతకాలపు వీహెచ్ఎఫ్ టీవీ యాంటెన్నా, బ్యాట్‌వింగ్ అంటారు. ఇవి తగ్గిపోతున్నాయి, కనిపిస్తే ఫోటో తీయకుండా వెళ్లకండి.

దాని కింద, ఎక్కువగా ఒక పక్కకు, నిలువు వరసలో ఉంగరాల్లాగో, వంచిన కమ్మీల కొక్కేల్లాగో కనిపించేవి ఎఫ్ఎం యాంటెన్నాలు. ఇవి మనకు దొరికిన స్కేలు కూడా. ఎఫ్ఎం దాదాపు 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది కాబట్టి దాని తరంగదైర్ఘ్యం మూడు మీటర్లకు అటూ ఇటూ. ఈ ఉంగరాలను చాలాసార్లు ఒక తరంగదైర్ఘ్యం దూరంలో పెడతారు, అంటే రెండు ఉంగరాల మధ్య సుమారు మూడు మీటర్లు. ఫోటోలో ఆ దూరం కొలిచి, అదే ఫోటోలో పట్టీ ఎత్తు పోల్చి చూసుకోండి. అయితే అర తరంగదైర్ఘ్యంలో, ఒకటిన్నర మీటరుకి ఒకటి చొప్పున పెట్టినవి కూడా ఉంటాయి, కాబట్టి దీన్ని సరిచూసుకోవడానికి వాడండి, దీని మీదే ఆధారపడకండి.

ఇంకా కిందున్న డ్రమ్ముల్లాంటి గుండ్రని డిష్‌లు జనం కోసం కావు. స్టూడియో నుంచి కార్యక్రమాన్ని ఇక్కడికి తెచ్చే మైక్రోవేవ్ లింకులైనా కావచ్చు, వేరే టవర్లతో మాట్లాడేవైనా కావచ్చు. ఒక డిష్ ఏ దిక్కుకి చూస్తోందో దిక్సూచితో చూసి మ్యాప్ మీద గీత గీయండి, ఆ గీత మీద ఇంకో టవర్ దొరికే అవకాశం చాలా ఎక్కువ. ఒక టవర్ నుంచి మరో టవర్‌కి అలా వెళ్లడంలో ఉన్న ఆనందం నేను మాటల్లో చెప్పలేను. అడుగున నిలువు పెట్టెల్లా ఉండేవి మొబైల్ ఫోన్ యాంటెన్నాలు, అవి ఎక్కడైనా ఉంటాయి, వాటిని లెక్కపెట్టి ముందుకెళ్లండి.

యాంటెన్నాలు కాని ఒక వస్తువు కోసం కూడా చూడండి. కొన్ని గుండ్రని స్తంభాల చుట్టూ మెట్ల కడ్డీలా మెలితిరిగిన రెక్క ఉంటుంది. నిలకడగా వీచే గాలి గుండ్రని స్తంభం వెనక సుడులు వదులుతుంది, ఆ సుడుల వేగం స్తంభం ఊగే వేగంతో కలిస్తే ఊపు పెరుగుతూ పోతుంది. ఆ సుడులను చెదరగొట్టడానికే ఆ రెక్క. ఇంగ్లండ్‌లోని ఎమ్లీ మూర్‌లో 385 మీటర్ల గుండ్రని మాస్ట్ 1969 మార్చి 19న కూలింది. పేరుకున్న మంచు బరువు, దానికి తోడు అలాంటి గాలి ఊపు. ఇప్పుడు అక్కడ నిలబడి ఉన్నది కాంక్రీట్ టవర్.

7. ఏఎం మాస్ట్ దగ్గర కింద చూడండి

ఇప్పటిదాకా పైకి చూడమన్నాను. మీడియంవేవ్, లాంగ్‌వేవ్ (ఏఎం రేడియో వాడే పొడవైన తరంగాలు) మాస్ట్ అయితే అసలు విషయం కింద ఉంటుంది, ఎందుకంటే అక్కడ మాస్ట్ యాంటెన్నాను మోయదు, మాస్టే యాంటెన్నా. మొత్తం ఉక్కు నిర్మాణంలో ప్రసార విద్యుత్తు పారుతుంటుంది. కాబట్టి చాలావాటిలో అది నేలను తాకకూడదు. బైనాక్యులర్స్‌తో అడుగు చూడండి: మాస్ట్ కిందికి వచ్చేసరికి పెన్సిల్ ములుకులా సన్నబడి ఒక పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడి ఉంటుంది. వందల టన్నుల బరువు, దాని మీద గై వైర్లు కిందికి లాగే బలం, అంతా ఆ పింగాణీ మీదే. నేను మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

అక్కడే ఇంకో మూడు వస్తువులు వెతకండి. ఇన్సులేటర్ పక్కన ఎదురెదురుగా రెండు లోహపు బంతులు చిన్న ఎడంతో ఉంటాయి, పిడుగు పడితే ఆ ఎడంలోంచి దూకి భూమిలోకి పోతుంది. రెండోది, గొలుసు లంకెల్లా ఒకదానిలోంచి ఒకటి దూరి ఉండే రెండు పెద్ద వలయాలు, ఒకదాన్నొకటి తాకవు. పై దీపాలకు కరెంటు ఎలా వెళ్తుందని ఎప్పుడైనా ఆలోచించారా? మామూలు తీగ వేస్తే మాస్ట్ నేలతో కలిసిపోతుంది. ఆ వలయాలు ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఆస్టిన్ ట్రాన్స్‌ఫార్మర్ అంటారు, కరెంటు గాలి సందులోంచే ఇవతలి వలయం నుంచి అవతలి వలయానికి చేరుతుంది. మూడోది గై వైర్లలోనే ఉంటుంది: తీగ ఒకటే పొడవుగా ఉండదు, మధ్య మధ్య ఇన్సులేటర్లతో ముక్కలుగా తెగి ఉంటుంది, లేకపోతే తీగలు కూడా యాంటెన్నాలైపోయి ప్రసారాన్ని చెడగొడతాయి. కనిపించనిది మరొకటి మీ కాళ్ల దగ్గర మట్టిలో ఉంది. మాస్ట్ అడుగు నుంచి సూర్యకిరణాల్లా అన్ని దిక్కులకూ రాగి తీగలు పాతి ఉంటాయి, చాలాచోట్ల 120 దాకా.

మాస్టే యాంటెన్నా కాబట్టి దాని ఎత్తుకూ ఫ్రీక్వెన్సీకీ లంకె ఉంటుంది. 3,00,000ని కిలోహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. 600 కిలోహెర్ట్జ్‌కి 500 మీటర్లు, అందులో పావు 125. 1500 కిలోహెర్ట్జ్‌కి పావు 50 మీటర్లే. ఎక్కువ మాస్ట్‌లు పావుకీ సగానికి కాస్త పైకీ మధ్యలో ఉంటాయి. కాన్‌స్టాంటినూఫ్‌లో కూలిపోయిన ఆ పోలండ్ మాస్ట్ 227 కిలోహెర్ట్జ్‌లో పనిచేసేది. లెక్క వేసి చూడండి, తరంగదైర్ఘ్యం 1321 మీటర్లు, సగం 660. అది అంత ఎత్తు ఎందుకు ఉండేదో ఇప్పుడు తెలిసిపోయింది.

ఒకే ఎత్తున్న మాస్ట్‌లు రెండు మూడు వరసగా కనిపిస్తే ప్రసారాన్ని ఒక దిక్కుకి ఎక్కువ, మరో దిక్కుకి తక్కువ పంపుతున్నారని అర్థం. రెండు కొసలా సన్నగా, నడుము దగ్గర లావుగా వజ్రం ఆకారంలో ఉన్నవి చాలా అరుదు. హంగేరీలోని లాకిహెగీ మాస్ట్ (1933, 314 మీటర్లు), అమెరికాలో నాష్‌విల్ దగ్గరున్న డబ్ల్యూఎస్ఎం మాస్ట్ (1932) ఆ కుటుంబంలోవి.

8. రేడియో పట్టుకుని నిర్ధారించుకోండి

ట్రాన్సిస్టర్ రేడియోలో ఏఎం కోసం ఒక ఫెర్రైట్ కడ్డీ (తరంగాలను పట్టే లోపలి యాంటెన్నా) ఉంటుంది, ఎక్కువగా రేడియో పొడవు వెంట అడ్డంగా. ఆ కడ్డీ కొస స్టేషన్ వైపు చూస్తే శబ్దం బాగా తగ్గిపోతుంది. రేడియోని బల్లపరుపుగా మెల్లగా తిప్పుతూ శబ్దం అతి తక్కువైన చోట ఆపండి, రేడియో పొడవు చూపించే గీత మీదే, ముందుగానో వెనకగానో, మాస్ట్ ఉంది. ఆ గీతను మ్యాప్ మీద గీసి, కొన్ని కిలోమీటర్లు పక్కకు వెళ్లి మళ్లీ చేయండి, రెండు గీతలు కలిసిన చోటికి వెళ్లండి. ఇది పగలే చేయాలి, రాత్రి వాతావరణపు పై పొరల నుంచి తిరిగొచ్చే తరంగాలు దిక్కును చెరిపేస్తాయి. కరెంటు తీగలకూ, ఇనుప కంచెలకూ దూరంగా నిలబడండి. కారులో కూర్చుని చేస్తే ఫలితం రాదు.

9. హద్దులు

ఎక్కకండి. కంచె దాటకండి. ఏఎం మాస్ట్ నడుస్తున్నప్పుడు నేల మీద నిలబడి దాన్ని ముట్టుకుంటే తీవ్రంగా కాలిపోతారు, ప్రాణమే పోవచ్చు. ఉరుముల వాసన తగిలినా వెనక్కి రండి, చలి దేశాల్లో మంచు పట్టిన రోజున గై వైర్ల కింద నిలబడకండి. డ్రోన్ ఎగరేయాలనిపిస్తే వద్దు, సన్నటి తీగలు దానికి కనిపించవు. కొన్ని దేశాల్లో, కొన్ని చోట్ల ఫోటోలు తీయడమే నిషేధం, బోర్డులు చదవండి. కాపలా మనిషి వచ్చి అడిగితే నోట్‌బుక్ చూపించి ఉన్న సంగతి చెప్పండి. నేను అలా చేసిన ప్రతిసారీ మాటలు కలిశాయి, ఒకాయనైతే తను ఇరవై ఏళ్ల క్రితం చూసిన దీపాల మార్పిడి గురించి గంటసేపు చెప్పాడు. పైకి వెళ్లాలన్న కోరిక ఉంటే బెర్లిన్, టొరంటో, టోక్యోల్లాంటి చోట్ల టికెట్ తీసుకుని వెళ్లే టవర్లున్నాయి.

10. నోట్‌బుక్‌లో ఏం రాయాలి

ఒక్కో టవర్‌కి ఒక పేజీ. తేదీ, సమయం, నిలబడ్డ చోటు అక్షాంశ రేఖాంశాలు, రెండు చోట్ల నేల ఎత్తు, కొలిచిన కోణాలన్నీ (సగటు మాత్రమే కాదు, విడివిడిగా), పట్టీలు, దీపాలు, గై వైర్ల అంచెలు, పైనుంచి కిందికి యాంటెన్నాల బొమ్మ. బొమ్మ చేత్తో వేయండి. ఫోటో తీసినా సరే వేయండి, చేత్తో వేసేటప్పుడు కన్ను ఆగే చోట్ల కెమెరా ఆగదు. ఏడాదికోసారి అదే చోటు నుంచి అదే ఫోటో మళ్లీ తీయండి. పాత దీపాల స్థానంలో ఎల్ఈడీలు రావడం, ఒక ప్యానెల్ వరస మాయమవడం, కొత్త డిష్ ఒకటి కొత్త దిక్కుకి తిరగడం, అప్పుడే పట్టుబడతాయి.

ఇది వాయిదా వేయకూడని పని. అనలాగ్ టీవీ అమెరికాలో 2009లో, బ్రిటన్‌లో 2012లో ఆగిపోయింది, దాంతోపాటు ఎన్నో యాంటెన్నాలు దిగిపోయాయి. లాంగ్‌వేవ్, మీడియంవేవ్ స్టేషన్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఐర్లాండ్‌లో జాతీయ ప్రసార సంస్థ ఆర్‌టీఈ వారి 252 కిలోహెర్ట్జ్ లాంగ్‌వేవ్ ప్రసారం 2023 ఏప్రిల్‌లో ఆగింది, దాని 248 మీటర్ల మాస్ట్‌ని అదే ఏడాది జూలైలో పడగొట్టేశారు. మధ్యలో మూడు నెలలే.

మీ పేజీల్లో ఉన్న ఒక టవర్‌కి కూడా ఏదో ఒక రోజు అలా జరుగుతుంది. అప్పుడు ఆ పేజీ తీసేయకండి. కూల్చిన తేదీ రాసి, మీరు 45 డిగ్రీలు కొలిచిన ఆ గుర్తు దగ్గరికే వెళ్లి, అదే ఎత్తులో కెమెరా పట్టుకుని ఖాళీ ఆకాశాన్ని ఒక ఫోటో తీసి, పాత ఫోటో పక్కన అంటించండి.